అప్‌గ్రేడ్ అయింది.. సర్వర్ ఆగింది! లైనక్స్‌లో ముందుగా చూడాల్సినవి ఇవే

రాత్రి అప్‌గ్రేడ్ పెడితే పొద్దునకల్లా వెబ్‌సైట్ ఓపెన్ కాదు. విండోస్ కంప్యూటర్లలో షేర్డ్ ఫోల్డర్ కనిపించదు. కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి చోట్ల ఓ పాత కంప్యూటర్‌లో ఉబుంటు వేసి, దాన్నే సర్వర్‌గా నడుపుకునే కాలేజీలు, డీటీపీ సెంటర్లు, చిన్న ఆఫీసులకు ఇది పెద్ద తలనొప్పి. అలాగని అప్‌గ్రేడ్ మానేయడానికీ లేదు. ఉబుంటు 18.04కు స్టాండర్డ్ సపోర్ట్ 2023 మేతో, 20.04కు 2025 మేతో అయిపోయింది.

అసలు విషయం ఏంటంటే.. చాలాసార్లు సర్వర్ పాడవదు. కొత్త వెర్షన్ పాత సెట్టింగ్స్‌ను ఒప్పుకోదు, అంతే. ఆ కారణం లాగ్‌లో రాసే ఉంటుంది. అది చదవకుండా కంగారులో చేసే రిపేర్లే అసలు డేంజర్.

వెబ్‌సైట్ రాకపోతే..

ముందు అపాచీ నడుస్తోందా లేదా చూడాలి. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' కమాండ్ ఆ సంగతి చెబుతుంది. ఆగిపోయి ఉంటే 'అపాచీ2సీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్' కొట్టాలి. తప్పు ఏ ఫైల్‌లో, ఏ లైన్‌లో ఉందో చూపిస్తుంది.

ఎక్కువగా దొరికే దొంగ పీహెచ్‌పీ. ఉబుంటు 18.04లో పీహెచ్‌పీ 7.2 ఉంటే, 20.04లో 7.4, 22.04లో 8.1 వచ్చాయి. అప్‌గ్రేడ్‌లో పాత మాడ్యూల్ పోతుంది. కానీ దాన్ని లోడ్ చేయమనే లైన్ మాత్రం అలాగే ఉండిపోతుంది. దాంతో అపాచీ స్టార్ట్ కాదు. పాతదాన్ని 'ఏ2డిస్‌మాడ్'తో తీసేసి, కొత్తదాన్ని 'ఏ2ఎన్‌మాడ్'తో ఆన్ చేసి, అపాచీని రీస్టార్ట్ చేస్తే చాలావరకు సెట్ అవుతుంది.

ఒక్కోసారి అపాచీ నడుస్తున్నా, పేజీ బదులు కోడ్ కనిపిస్తుంది. అంటే పీహెచ్‌పీ పని చేయట్లేదు. అలాంటప్పుడు సైట్‌ను వెంటనే ఆపేయాలి. ఆ కోడ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటే అదీ బయటపడుతుంది.

షేర్డ్ ఫోల్డర్ రాకపోతే..

విండోస్‌కు ఫోల్డర్లు చూపించేది సాంబా. 'టెస్ట్‌పార్మ్' కమాండ్ దాని సెట్టింగ్స్‌లో తప్పులుంటే చెబుతుంది. యూజర్‌కు లైనక్స్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు. లాగిన్ దగ్గరే ఆగితే 'ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీ' కమాండ్‌తో మళ్లీ పెట్టి చూడాలి.

జిరాక్స్ మెషీన్ నుంచి స్కాన్‌లు ఫోల్డర్‌లోకి రావడం ఆగిందంటే కారణం వేరే కావచ్చు. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన సాంబా 4.11 నుంచి ఎస్ఎంబీ1 అనే పాత పద్ధతి ఆఫ్‌లోనే ఉంటోంది. ఉబుంటు 20.04లో వచ్చింది ఈ వెర్షనే. పాత స్కానర్లలో కొన్నింటికి ఎస్ఎంబీ1 తప్ప ఇంకోటి రాదు.

షార్ట్‌కట్ వద్దు

ఇక్కడే చాలామంది ఎస్ఎంబీ1ను మళ్లీ ఆన్ చేసేస్తారు. పని వెంటనే అయిపోతుంది. కానీ 2017 మేలో వన్నాక్రై వైరస్ విండోస్‌లోకి దూరింది ఈ ఎస్ఎంబీ1లోని లోపం నుంచే. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు లాక్ అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అదే నెలలో సాంబాలోనూ ఓ పెద్ద లోపం బయటపడింది.

అందుకే ముందు స్కానర్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడాలి. లేకపోతే స్కాన్‌ను పెన్‌డ్రైవ్‌లోకో, ఈమెయిల్‌కో పంపేలా పెట్టుకోవాలి. 'పర్మిషన్ డినైడ్' అని వస్తే ఫోల్డర్‌కు 777 పర్మిషన్ ఇచ్చేయడం కూడా ఇలాంటిదే. తాళం పట్టట్లేదని తలుపే పీకేసినట్టు. ఫోల్డర్ ఓనర్ ఎవరో చూసి, అవసరమైన గ్రూప్‌కే పర్మిషన్ ఇవ్వాలి.

ఇవి కూడా చూడాలి

* డిస్క్ నిండిపోయినా సర్వీసులు ఆగుతాయి. 'డీఎఫ్ -హెచ్'తో ఖాళీ ఎంతుందో తెలుస్తుంది.
* మధ్యలో కరెంట్ పోయి అప్‌గ్రేడ్ సగంలో ఆగితే, 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' కమాండ్‌తో మిగతా పని పూర్తి చేయించొచ్చు.
* అప్‌గ్రేడ్‌లో కొత్త కాన్ఫిగ్ ఫైల్‌కు ఓకే చెబితే, పాతది చివర్లో 'డీపీకేజీ-ఓల్డ్' అనే పేరుతో అక్కడే ఉంటుంది. రెండూ పోల్చి, కావాల్సిన లైన్లే తెచ్చుకోవాలి.

వచ్చేసారి అప్‌గ్రేడ్‌కు ముందు 'ఈటీసీ' ఫోల్డర్, వెబ్‌సైట్ ఫైళ్లు, డేటాబేస్.. ఈ మూడూ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. యూపీఎస్ ఉండాలి. ఫీజు కట్టే చివరి రోజో, రిజల్ట్స్ వచ్చే ముందు రోజో మాత్రం అప్‌గ్రేడ్ జోలికి పోవద్దు.