తిరగడం ఆగాక తిరిగే తల

శివరాత్రికి పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడికి, లక్ష్మీనరసింహుడికి మొక్కులు. పిల్లల మొక్కులన్నీ మాత్రం రంగులరాట్నానికే. జాతరల్లో ఒక వింత కనిపిస్తుంది. జెయింట్ వీల్ ఎక్కి హాయిగా దిగివచ్చిన పెద్దమనిషి, మనవరాలి కోసం గుర్రాల రాట్నం ఎక్కి నాలుగు చుట్లు తిరగ్గానే కళ్లు తిరిగి పక్కనున్న గుంజను పట్టుకుంటాడు. ఇంత నెమ్మదైన రాట్నంలో అంతగా ఏముంది?

లెక్క వేసి చూద్దాం. మధ్య స్తంభానికి 3 మీటర్ల దూరంలో గుర్రం, నిమిషానికి 8 చుట్లు అనుకుంటే వేగం గంటకు 9 కిలోమీటర్లు. సైకిల్ ఇంతకన్నా జోరుగా పోతుంది. 20 కిలోల పిల్లను ఆ చుట్టులో నిలిపి ఉంచడానికి గుర్రం లోపలికి లాగే బలం సుమారు 4 కిలోల బరువంత. లోపలి వరుసలో, ఒకటిన్నర మీటర్ల దూరంలో కూర్చుంటే అందులో సగమే. కానీ రాట్నం వాడు హుషారెక్కి చుట్లను రెట్టింపు చేశాడా, బలం రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. 4 కిలోలు కాస్తా 17 అవుతాయి. అందుకే రాట్నం ఎంత పెద్దదో చూసి కాదు, తిప్పేవాడి చేతిని చూసి భయపడాలి.

‘బయటికి విసిరేస్తోంది’ అంటాం గానీ, విసిరేసేది ఏదీ లేదు. శరీరం తిన్నగా పోదామంటుంది, సీటు దాన్ని లోపలికి మళ్లిస్తుంది. ఒప్పులకుప్ప తిరిగే ఆడపిల్లల చేతులు జారినప్పుడు గమనించండి. ఆ క్షణాన ఎటు కదులుతున్నారో అటే తిన్నగా పోయి పడతారు. గొలుసులకు వేలాడే కుర్చీల రాట్నంలో ఇంకో తమాషా ఉంది. బొద్దు మామయ్య కుర్చీ, బక్కపిల్ల కుర్చీ, ఖాళీ కుర్చీ, మూడూ దాదాపు ఒకే వాలులో తేలుతాయి. బరువు పెరిగితే లాగాల్సిన బలమూ అంతే పెరుగుతుంది కాబట్టి వాలు మారదు. పై లెక్క ప్రకారం అది 12 డిగ్రీలు.

థీమ్ పార్కుల్లోని టీకప్పుల రైడ్ దీనికి పెద్దక్క. 1955 జూలైలో కాలిఫోర్నియా డిస్నీలాండ్ తలుపులు తెరిచిన రోజే అక్కడ ఈ కప్పులూ మొదలయ్యాయి. పెద్ద పళ్లెం మీద మూడు చిన్న పళ్లేలు, ఒక్కోదాని మీద ఆరు కప్పులు. పళ్లెం ఒక వేగంతో, కప్పు ఇంకో వేగంతో తిరుగుతాయి. చిన్న పళ్లేలను పక్కన పెట్టి, పెద్ద పళ్లెం ఒకటే ఉందనుకుని లెక్క కడదాం. పళ్లెం మధ్య నుంచి కప్పు 4 మీటర్ల దూరంలో ఉండి పళ్లెం నిమిషానికి 6 చుట్లు, కప్పు 20 చుట్లు తిరుగుతుంటే, అదే 20 కిలోల పిల్ల బయటి అంచుకు వచ్చినప్పుడు రెండు లాగుళ్లూ కలిసి 9 కిలోల బరువంత అవుతాయి. సగం చుట్టు తిరిగి లోపలి అంచుకు రాగానే ఒకదాన్నొకటి కొట్టేసుకుని 3 కిలోలే మిగులుతుంది, అదీ ఎదురు దిశలో. కప్పుల్లో వినిపించే కిలకిలలన్నీ ఈ మార్పు వల్లే. బెంచీ సీటున్న రాట్నాల్లో పెద్దవాళ్లను బయటి వైపు, పిల్లల్ని లోపలి వైపు కూర్చోబెట్టేది కూడా శరీరం బయటి వైపుకు జారుతుంది కాబట్టే. తారుమారైతే పెద్దవాళ్లు జారి పిల్లల మీద పడతారు.

ఇక కళ్లు తిరగడం. అది చెవిలో పుడుతుంది. లోపలి చెవిలో ఒకదానికొకటి అడ్డంగా మూడు అర్ధవృత్తపు గొట్టాలు, వాటి నిండా ద్రవం ఉంటాయి. గ్లాసును తిప్పడం మొదలుపెడితే లోపలి నీళ్లు కాస్త వెనకబడతాయి, తరువాత అందుకుంటాయి, గ్లాసు ఆపినా తిరుగుతూనే ఉంటాయి. చెవిలోనూ అదే కథ. ద్రవం వెనకబడినప్పుడు గొట్టంలోని జిగురు తెర వంగి ‘తిరుగుతున్నాం’ అని మెదడుకు చెబుతుంది. ఒకే వేగంతో ఇరవై సెకన్లు పోతే ద్రవం అందుకుంటుంది, తెర నిటారవుతుంది, కబురు ఆగిపోతుంది. రాట్నం ఆగగానే తెర ఎదురు దిక్కుకు వంగి, కదలకుండా ఉన్న మనిషికి ‘వెనక్కి తిరుగుతున్నావ్’ అని అబద్ధం చెబుతుంది. దిగిన పిల్ల కళ్లలోకి చూడండి. నల్లగుడ్లు మెల్లగా ఒక పక్కకు జారి, చటుక్కున వెనక్కి వస్తుంటాయి. ఈ చెవి సంగతుల మీద పరిశోధన చేసిన రాబర్ట్ బారనీకి 1914 సంవత్సరపు నోబెల్ వచ్చింది. ఆయన పేరు మీదున్న తిరిగే కుర్చీలో ఇప్పటికీ పైలట్లను కూర్చోబెట్టి తిప్పుతారు.

అసలు చిక్కు తల వంచినప్పుడు వస్తుంది. తిరుగుతుండగా జారిన చెప్పు కోసం వంగామా, అప్పటిదాకా సర్దుకున్న గొట్టం తప్పుకుని మరో గొట్టం తిరుగుడులోకి వస్తుంది. ఎటో దొర్లిపోతున్నట్టు అనిపించి కడుపులో తిప్పుతుంది. రెండేళ్లలోపు పసివాళ్లకు ఈ వికారం అరుదు, బడి వయసులో ఎక్కువ. చెప్పు పోతే పోనివ్వండి, తల నిటారుగా పెట్టండి. రాట్నం ఆగాక అరనిమిషం సీట్లోనే కూర్చోండి. మిర్చి బజ్జీలు ఆ తరువాతే.