మీకు తెలుసా? అన్సిబుల్ తట్టే తలుపు ఎస్‌ఎస్‌హెచ్

● మెషీన్లను సర్దిపెట్టే సాధనం అన్సిబుల్‌లో ‘పింగ్’ అంటే మనకు తెలిసిన నెట్‌వర్క్ పింగ్ కాదు. అది ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా అవతలి మెషీన్‌లోకి లాగిన్ అయి, అక్కడ పైథాన్ పనిచేస్తోందో లేదో చూసి, అంతా బాగుంటే ‘పాంగ్’ అని బదులిస్తుంది. లినక్స్ మెషీన్‌ని సర్దిపెట్టడానికి దానికి కావలసినవి ఆ రెండే. తన తరఫున ఏ ఏజెంట్‌నీ అక్కడ ఇన్‌స్టాల్ చేయదు. పనిని చిన్న పైథాన్ ప్రోగ్రాంగా పంపి, నడిపించి, ఆ ఫైల్‌ను తుడిచేస్తుంది. అందుకే నేర్చుకునేవాళ్లు సర్వర్ అద్దెకు తీసుకోనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్, వాటిని సృష్టించిపెట్టే వేగ్రంట్ ఉంటే చాలు.

● ఎస్‌ఎస్‌హెచ్ పుట్టుకకు కారణం పాస్‌వర్డ్‌ల దొంగతనం. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో అది జరిగాక, అక్కడే పనిచేస్తున్న టాటు యులోనెన్ దీన్ని రాశారు. పోర్టు నంబర్లలో 21 ఎఫ్‌టీపీది, 23 టెల్‌నెట్‌ది. మధ్యలో ఖాళీగా ఉన్న 22ని ఆయన అడిగి తీసుకున్నారు.

● వర్చువల్‌బాక్స్‌లో మామూలు నాట్ పద్ధతిలో నాలుగు మెషీన్లు పెట్టినా, నాలుగింటికీ లోపల కనిపించే అడ్రస్ 10.0.2.15 ఒక్కటే! బయటి నుంచి ఆ అడ్రస్‌కి నేరుగా వెళ్లలేం. కాబట్టి వేగ్రంట్ మన ల్యాప్‌టాప్‌లోని 2222 పోర్టును మెషీన్ లోపలి 22కి కలుపుతుంది. అన్సిబుల్‌కి ఇచ్చే మెషీన్ల జాబితా అయిన ఇన్వెంటరీలో 127.0.0.1, పోర్టు 2222 అని రాసేది అందుకే. అయితే రెండో మెషీన్ లేచేసరికి 2222 ఖాళీగా ఉండదు. వేగ్రంట్ 2200 నుంచి 2250 లోపు ఏదో ఒకటి ఇచ్చేస్తుంది. ఇన్వెంటరీలో పాత నంబరే ఉంటే మీ ప్లేబుక్ (చేయాల్సిన పనుల జాబితా) వేరే మెషీన్ తలుపు తడుతుంది.

● వేగ్రంట్‌తో పాటు వచ్చే, లాగిన్‌కి వాడే ప్రైవేట్ కీ నిజానికి ప్రపంచమంతటికీ తెలిసినదే. అందుకే 1.7 వెర్షన్ నుంచి మెషీన్ మొదటిసారి లేవగానే వేగ్రంట్ ఆ మెషీన్‌లో అది చెల్లకుండా చేసి కొత్త కీ పెడుతోంది. ఆ కొత్త కీ మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే దాగి ఉంటుంది. పాత కీ ఇచ్చి ‘పర్మిషన్ డినైడ్’ చూసి బెంబేలెత్తేవాళ్లు ఎందరో. వేగ్రంట్‌లోని ‘ఎస్‌ఎస్‌హెచ్-కాన్ఫిగ్’ కమాండ్ ఇస్తే అడ్రస్, పోర్టు, యూజర్ పేరు, కీ ఉన్న చోటు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఊహించి రాయడం మానండి, అక్కడ చూసి రాయండి.

● మెషీన్‌ని చెరిపేసి మళ్లీ సృష్టిస్తే, అవతలి గుర్తింపు మారిపోయిందంటూ ఎస్‌ఎస్‌హెచ్ పెద్ద అక్షరాలతో హెచ్చరిస్తుంది. మీరే మార్చారు కనుక మీ ల్యాప్‌టాప్‌లో మిగిలిన పాత హోస్ట్ కీని (ఆ మెషీన్ పాత గుర్తింపును) తీసేస్తే సరి. చాలామంది విసుగెత్తి ఆ తనిఖీనే ఆపేస్తారు. సొంత ల్యాప్‌టాప్‌లో ఫర్వాలేదు గానీ, అదే సెట్టింగ్‌ని ఆఫీసు సర్వర్ల దాకా మోసుకెళ్లకండి. అవతల ఉన్నది మన సర్వరే అని తేల్చేది ఆ తనిఖీయే.

● అన్సిబుల్ చూపే ‘అన్‌రీచబుల్’, ‘ఫెయిల్డ్’ రెండూ తెరమీద ఎర్రగానే వస్తాయి, కానీ ఒకటి కావు. మొదటిది వస్తే అన్సిబుల్ ఇంకా లోపలికే వెళ్లలేదన్నమాట. అప్పుడు ప్లేబుక్‌లో తప్పులు వెతకడం దండగ. అదే పోర్టు, అదే యూజర్, అదే కీతో ముందు మామూలు ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి చూడండి.