అగ్నిరక్షణ వ్యయమును తూచు విధము

అగ్నిరక్షణమునకు ధనము వెచ్చింపవలయునని మేము చెప్పినప్పుడెల్ల, "ఇన్నేండ్లలో మన గోదాము తగులబడలేదు గదా, ఈ ఖర్చెందులకు?" అని సభ్యులు కొందఱు అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కావున లెక్కతోనే సమాధానము చెప్పుదుము.

ఒక గోదామునకు రెండవ ద్వారమును మెట్లును అమర్చుటకు 30,000 రూపాయలు పట్టెననుకొందము. అవి 20 ఏండ్లు నిలిచిన యెడల ఏటికి పడునది 1,500 రూపాయలు. ఇక రెండవ ప్రక్క చూడుడు. దినమునకు 500 రూపాయలు గడించు హమాలీ యొక్కడు ఒడలు కాలి ఆఱు నెలలు మంచము పట్టెనేని 90,000 రూపాయల కూలి పోవును. ఆతనికి తోడుండువాని కూలియు నంతియే. వెరసి 1,80,000. వైద్యపు ఖర్చు వేఱు. ఇట్టి యాపద నూఱేండ్లకు ఒక్కమాఱే వచ్చునన్నను ఏటి వంతు 1,800 రూపాయలగును. బాధకు వెల కట్టకయే ద్వారము చౌకయని తేలినది.

అట్లయినచో ఈ ఖర్చును పలువురేల పెట్టరు? ద్వారమునకు వెచ్చించువాడొకడు, కాలువాడు వేఱొకడు. ఆదా ఒకని యింట, అప్పు మఱొకని యింట.

షేక్‌పేటకు కొన్ని మైళ్ల దూరముననే, సికింద్రాబాదు బోయిగూడలో 2022 మార్చి 23వ తేదీ వేకువజామున పాతసామానుల గోదాము అంటుకొనగా, పైయంతస్తున నిదురించుచుండిన బీహారు కూలివారు 11 మంది మరణించిరి. వారు దిగివచ్చుటకు మెట్లదారి ఒక్కటే. ఒక్కొక్క మృతుని కుటుంబమునకు రాష్ట్ర ప్రభుత్వము 5 లక్షలు, కేంద్ర ప్రభుత్వము 2 లక్షలు ప్రకటించినవి. వెరసి 77 లక్షలు. ఇది ప్రజాధనము. ఈ సొమ్ముతో ఎన్ని గోదాములకు రెండవ దారి యేర్పడియుండునో పాఠకులే గుణించుకొందురు గాక. 2025 మే 18న చార్మినారు చేరువ గుల్జార్‌హౌజులో నొక యింట 17 మంది మడిసిరి. అందును బయటపడు దారి ఇఱుకైనదే.

ఐనను ప్రతి ఖర్చును మంచిదేయని మేమనము. క్రమము పాటింపవలయును. మొదటివి ఖర్చు లేనివి: లోపల మనుష్యులుండగా వెలుపల తాళము వేయకుండుట, దారికి అడ్డముగా బస్తాలు పేర్చకుండుట, సరకుల నడుమ నెవరిని పరుండనీయకుండుట. రెండవవి స్వల్పవ్యయమువి: చెడిన కరెంటు తీగెలను మార్చించుట, ఇసుక బాల్చీలు నుంచుట, మంటలార్పు సిలిండరును గడువు దాటకుండ నింపించుట. పిమ్మట రెండవ ద్వారము. పెద్ద యంత్రముల మాట తరువాత.

సరకునకు భీమా కలదని కొందఱు నిశ్చింతగా నుందురు. భీమా బస్తాల వెలను తిరిగి యిచ్చును గాని కాలిన చేతులను తిరిగి యీయదు.

సహకార సంఘమున ఖర్చు పెట్టువారును మనమే, గోదాములో బస్తా మోయువారును మనవారే. రెండు లెక్కలును ఒకే చిట్టాలో నుండుట మనకు గల మేలు. కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఆయవ్యయ పట్టికయందు అగ్నిరక్షణమునకు ప్రత్యేకముగా నొక పద్దు వ్రాయింపుడు.