పడవకు ఏ రంగు వేయాలి?

నీటిమట్టానికి పైన కనిపించే పడవ పక్కలకు రంగు ఎన్నుకోవడం సులువుగానే తోస్తుంది. కాని ఆ ఎన్నికలో పొరపాటుంటే ఎండ, ఉప్పుగాలి, రేవు రాపిడి దానిని ఇట్టే బయటపెడతాయి.

ప్రధానంగా వాడుకలో ఉన్నవి మూడు రకాలు. ఆల్కిడ్ ఎనామిల్ చవక, పూయడం తేలిక, త్వరగా వెలిసిపోతుంది. ఒకే డబ్బాలో వచ్చే పాలీయురెథేన్ అంతకంటె గట్టిది. రెండు డబ్బాల ద్రవాలను కలిపి వాడే పాలీయురెథేన్ అన్నిటికంటె దృఢం. దాని మెరుపు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

అయితే గట్టి రంగు అన్ని పడవలకూ తగదు. పలకలు కూర్చి కట్టిన కర్ర పడవ నీటికి ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. బిరుసు పూత అతుకుల వద్ద పగులుతుంది. పైగా రెండు డబ్బాల రంగులోని ద్రావకం కింది పాత ఎనామిల్‌ను ముడతలుగా లేపివేయగలదు. అందుచేత ఆ రంగుకు వాడే థిన్నర్‌లో గుడ్డ తడిపి పాత పూతపై కొద్ది నిమిషాలు ఉంచి చూడాలి. పూత మెత్తబడితే దానిని పూర్తిగా గీకివేయాలి. లేదా ఒకే డబ్బా రంగుతో తృప్తిపడాలి.

ఆరోగ్యానికి సంబంధించిన హెచ్చరిక మరొకటి ఉంది. రెండు డబ్బాల పాలీయురెథేన్‌ను గట్టిపరచే ద్రవంలో ఐసోసయనేట్ ఉంటుంది. దాని తుంపర పీల్చితే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఆ వ్యాధి సోకినవారికి తరువాత లవలేశమైనా ప్రమాదమే. బయటి నుంచి మంచిగాలి అందించే ముసుగు లేకుండా దానిని స్ప్రే చేయరాదు.

మన్నికైన రంగును ఎంచేముందు, అడుగునున్న పూతనూ, పూసేవారి ఊపిరినీ తలచుకోవడం వివేకం.