శస్త్రచికిత్స పిమ్మట ప్రేగు నడక

ములకలపల్లి మండలపు గూడెములలో కట్టెలమోపు నెత్తికెత్తుకొనుచు, తునికాకు కాలమున తెల్లవారకముందే అడవికి పోవుచు బ్రదుకు స్త్రీకి ఆసనము జారుట సంభవించినచో, దానిని మొలలని తలచియో, సిగ్గుచేతనో ఎవ్వరికిని చెప్పక, పాతగుడ్డ మడిచి లోన పెట్టుకొని, బస్సెక్కుటకును పెండ్లిపందిటిలో కూర్చుండుటకును జంకుచు ఏండ్లు గడుపుట కలదు.

సుశ్రుతసంహిత గుదభ్రంశమని పేర్కొనిన యీ వ్యాధియందు పురీషనాళము వెలికి జారును. మాటిమాటికి జారుటచేత మలము నాపు కండరవలయము సాగి పట్టు సడలును. పెద్దవారిలో దీనికి స్థిరమైన చికిత్స శస్త్రచికిత్సయే. ఉదరమార్గమున నాళమును పైకి లాగి త్రికాస్థికి కుట్టుట యొక విధము. 1900లో ఫ్రెంచి సైనికవైద్యుడు డెలోర్మ్ వర్ణించినట్లు, క్రిందినుండియే జారినభాగపు లోపొరను తొలగించి కండరమును మడిచి కుట్టుట మరియొక విధము. బ్రిటనులో 293 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితములలో, ఏ పద్ధతి ననుసరించినను రోగుల జీవనసుఖము మెరుగుపడినదే కాని, పద్ధతులనడుమ చెప్పుకోదగిన భేదము కానరాలేదు.

అయినను, ప్రేగు స్వస్థానము చేరినంతనే ఆరోగ్యము సమగ్రమైనదని తలపరాదు. సాగిన కండరము తిరిగి బిగియుటకు నెలలు పట్టును. కొందరికి పట్టు పూర్తిగా రాదు. ఉదరమార్గపు చికిత్సలో ప్రక్కనున్న నరములు తెగినచో మలబద్ధము క్రొత్తగా పుట్టవచ్చును గనుకనే, నాళము ముందువైపు మాత్రమే విడదీసి జాలీ నమర్చు పద్ధతిని బెల్జియము వైద్యులు 2004లో ప్రకటించిరి.

ఇంటికి వచ్చిన పిమ్మట కొన్ని వారములు, వైద్యుడు సరే యనువరకు, బిందెలును మోపులును ఎత్తరాదు. తోటకూర, గోంగూర, రాగిజావ తినుచు, నీరు చాలినంత త్రాగుచు, ముక్కకుండ విరేచన మగునట్లు చూచుకొనవలెను. మలద్వారమును లోనికి బిగబట్టి, కొన్ని క్షణము లుంచి వదలు అభ్యాసమును వైద్యుని యనుమతితో దినమునకు పలుమార్లు చేయవలెను.

పాల్వంచకో, కొత్తగూడెమునకో, భద్రాచలమునకో తిరుగుపరీక్షకు పోయినప్పుడు కుట్టు మానినదని మాత్రమే చెప్పి మరలిరాక, దినమునకెన్నిమార్లు పోవలసివచ్చుచున్నదో, ఆపుకొనగలుగుచున్నదో లేదో, గుడ్డ తడియుచున్నదో, కూలికి పోగలుగుచున్నదో విడమరచి చెప్పవలెను. నోరు విప్పలేని యామెకు ఆశా కార్యకర్తయో, అత్తయో, కూతురో తోడుపోయి చెప్పించినచో, మిగిలిన బాధకును మందో, అభ్యాసమో, మరియొక చికిత్సయో దొరకు త్రోవ యేర్పడును.