చికాగోలో ఎండాకాలం వేడి, దానితోనే పొగమంచు.. ఎందుకిలా?

అక్టోబర్ మొదటి వారం. కర్నూలులో మగ్రిబ్ నమాజ్ అయ్యాక అమ్మీ వీడియో కాల్ చేస్తుంది. చికాగోలో అప్పటికి పొద్దున్న ఎనిమిది. కొడుకు ఫోన్‌ను కిటికీ వైపు తిప్పితే ఎదురు బిల్డింగ్ కూడా కనిపించదు, అంతా తెల్లగా ఉంటుంది. "ఇంత మంచు పడుతోంది, స్వెట్టర్ వేసుకో బేటా" అంటుంది. "చలి ఎక్కడిది అమ్మీ, ఉక్కపోస్తోంది. టీషర్ట్ మీదే ఉన్నా" అని జవాబు. అమ్మీకి నమ్మకం కుదరదు.

కుదరకపోవడంలో తప్పు లేదు. మన దగ్గర పొగమంచు అంటే చలికాలమే. డిసెంబర్, జనవరి నెలల్లో హైదరాబాద్-విజయవాడ హైవే మీద తెల్లవారుజామున ప్రయాణం చేసినవాళ్లకు అది బాగా తెలుసు. రాత్రి ఆకాశం తేటగా ఉంటుంది, గాలి ఉండదు, నేల చల్లబడుతుంది. నేలకు ఆనుకుని ఉన్న గాలిలోని తేమ సన్నటి నీటి తుంపరలుగా మారి నిలిచిపోతుంది. ఎండ వచ్చాక కరిగిపోతుంది. చికాగోలో సరస్సు పక్కన కనిపించే పొగమంచు అన్నిసార్లూ ఇలా పుట్టేది కాదు. కొన్నిసార్లు అది వేడి గాలి మోసుకొచ్చే పొగమంచు.

చికాగో ఆనుకుని ఉన్న మిషిగన్ సరస్సును మన చెరువులతో పోల్చి చూస్తే అసలు విషయం అర్థం కాదు. దాని పొడవు సుమారు 490 కిలోమీటర్లు, వెడల్పు దాదాపు 190 కిలోమీటర్లు, విస్తీర్ణం 58 వేల చదరపు కిలోమీటర్ల దాకా. తెలంగాణలో సగం దాని కిందే మునిగిపోతుంది. బాగా లోతుగా ఉన్నచోట 281 మీటర్లు. ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదు. కొత్తగా వెళ్లిన స్టూడెంట్లు దీన్ని సముద్రమే అనుకుంటారు, ఉప్పు లేదన్నదొక్కటే తేడా.

ఇంత నీరు వేడెక్కడానికి, చల్లబడడానికి చాలా టైమ్ తీసుకుంటుంది. ఒక ఘనపు మీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయాలంటే, అంతే గాలికి కావాల్సిన దానికన్నా మూడు వేల రెట్లకు పైగా వేడి కావాలి. అందుకే జూన్‌లో ఊరు మండుతున్నా సరస్సు చల్లగానే ఉంటుంది. ఆగస్టుకు గానీ పైనీరు బాగా వేడెక్కదు. చికాగో వాతావరణ వార్తల్లో 'సరస్సు దగ్గర ఇంకాస్త చల్లగా' అన్న మాట రోజూ వినిపిస్తుంది. అక్టోబర్ మొదలయ్యేసరికి లెక్క తిరగబడుతుంది. ఊళ్లో రాత్రులు చల్లబడతాయి, నీరు మాత్రం వేసవి వేడిని ఇంకా పట్టుకుని ఉంటుంది.

అలాంటప్పుడు దక్షిణం నుంచి గాలి మొదలైతే కథ మారుతుంది. ఆ గాలి దూరాన ఉన్న మెక్సికో గల్ఫ్ వైపు నుంచి వేడినీ తేమనూ మోసుకొస్తుంది. అక్టోబర్‌లో చికాగో పగటి వేడి సగటున 17 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. ఈ గాలి వీచిన రోజుల్లో అది 27 దాటిపోతుంది, అక్కడి లెక్కలో 80 ఫారెన్‌హీట్. ఇలాంటి రోజులను అమెరికన్లు 'ఇండియన్ సమ్మర్' అంటూ వచ్చారు. మన ఇండియాకూ దానికీ ఏ సంబంధం లేదు. ఆ ఇండియన్లు అమెరికా మూలవాసులు. పైగా ఒకసారి మంచు గడ్డకట్టి, ఆ తర్వాత వచ్చే వేడికే ఆ పేరు వాడాలని పాత లెక్క. ఇప్పుడు చాలామంది 'సెకండ్ సమ్మర్' అంటున్నారు, అదే నయం.

వేడి గాలి వచ్చింది సరే, పొగమంచు ఎక్కడిది? ఇక్కడే సరస్సు ఒక విచిత్రం చేస్తుంది. వేసవంతా వేడెక్కింది పైపై నీరే. అడుగున నీరు 4, 5 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. దక్షిణపు గాలి కొన్ని రోజులు ఆగకుండా వీస్తే పైనున్న వేడి నీటిని కదిలిస్తుంది. భూమి తిరుగుతూ ఉండడం వల్ల ఆ నీరు గాలి వెళ్లే దారిలోనే పోకుండా కుడివైపుకు, అంటే తూర్పుకు జరుగుతుంది. చికాగో, మిల్వాకీ రెండూ పడమటి ఒడ్డున ఉన్నాయి. కాబట్టి అక్కడి ఒడ్డు నుంచి వేడి నీరు దూరంగా వెళ్లిపోతుంది, ఖాళీ అయిన చోటికి అడుగున ఉన్న చల్లనీరు పైకి లేస్తుంది. ఒక్క రోజులో ఒడ్డు దగ్గర నీరు పది డిగ్రీల దాకా పడిపోవడం ఈ సరస్సులో ఉన్నదే.

ఇక ఆ చల్లనీటి మీదుగా తేమతో నిండిన వేడి గాలి వెళ్తుంది. హైదరాబాద్‌లో వానాకాలం ఏసీ కారులోంచి దిగగానే కళ్లజోడు మసకబారుతుంది చూడండి, అదే పని ఇక్కడ వందల కిలోమీటర్ల మేర జరుగుతుంది. కళ్లజోడు అద్దం స్థానంలో చల్లనీరు, అంతే. గాలిలోని తేమ పొగమంచై నీటి మీద గోడలా నిలబడుతుంది. ఊళ్లో ఎండ కాస్తూనే ఉంటుంది. గాలి కాస్త తూర్పుకు మళ్లిందంటే ఆ గోడ నిమిషాల్లో ఒడ్డు ఎక్కి వీధుల్లోకి వస్తుంది. ఈ రకం పొగమంచు వసంతంలోనే ఎక్కువ, ఎందుకంటే అప్పుడు సరస్సంతా చల్లగా ఉంటుంది. శరదృతువులో మాత్రం ఇలా అడుగునీరు పైకి వచ్చినప్పుడే. అమ్మీకి చెప్పాల్సింది ఇదే: చలి ఉంది, కానీ గాలిలో కాదు, నీళ్లలో.

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే నేపర్‌విల్, షాంబర్గ్ లాంటి శివార్లు సరస్సుకు దూరం. అక్కడ తెల్లవారుజామున కనిపించేది మాత్రం మన హైవే మీది పొగమంచు లాంటిదే. పగలంతా ఉక్క, రాత్రి గాలి ఆగిపోవడం, అంతకుముందు రోజు వాన పడి ఉంటే మరీ చిక్కన.

ఏ రకమైనా రోడ్డు మీద ప్రమాదం ఒకటే. అక్టోబర్ మొదట్లో అక్కడ సూర్యోదయం ఏడుకు దగ్గర పడుతుంది. ఫజర్‌కు మసీదుకు వెళ్లేవాళ్లు, పనికి పోయేవాళ్లు, స్కూల్ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడే పిల్లలు, అందరూ చీకట్లోనో మసక వెలుతురులోనో బయట ఉంటారు. అక్కడి జాతీయ వాతావరణ సేవ పావు మైలు, అంటే 400 మీటర్ల దూరం కూడా కనిపించనప్పుడు చిక్కటి పొగమంచు హెచ్చరిక ఇస్తుంది. హై బీమ్ వేస్తే ఇంకా బాగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ వెలుగు తుంపరలకు తగిలి మన కళ్లలోకే కొడుతుంది. లో బీమ్ వాడాలి. ఇంకో సంగతి ఉంది, దీన్ని అనుభవం ఉన్నవాళ్లు కూడా మర్చిపోతారు. కొత్త కార్లలో లైట్లు 'ఆటో'లో పెట్టి వదిలేస్తారు. పొగమంచు ఉన్నా పగటి వెలుతురు ఉంటే కారు దాన్ని చీకటిగా లెక్కపెట్టదు. ముందు చిన్న లైట్లు వెలుగుతాయి, వెనక లైట్లు వెలగకపోవచ్చు. వెనక వచ్చేవాడికి మన కారు ఉన్నట్టే తెలియదు. స్విచ్ చేత్తో తిప్పుకోవడమే మేలు. నడిచి వెళ్లేవాళ్లు నల్ల జాకెట్ బదులు లేత రంగు బట్టలు వేసుకోవాలి.

రోడ్డు కంటే ఎక్కువ భయపడాల్సింది బీచ్ దగ్గర. 27 డిగ్రీల ఆదివారం, ఫ్రెండ్స్ అందరూ ఒడ్డున. నీళ్లలోకి దిగాలనిపించడం సహజం. చికాగో బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండేది సెప్టెంబర్ మొదటి సోమవారం వరకే. ఆ తర్వాత కాపాడేవాళ్లు ఉండరు. గాలి వేడి చూసి దిగినవాళ్లకు పది పన్నెండు డిగ్రీల నీరు తగిలితే ఒక్కసారిగా ఊపిరి ఎగబీలుతుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీరు మింగేస్తారు. నిమిషాల్లో చేతులు, కాళ్లు మాట వినవు. ఈత బాగా వచ్చినవాళ్లకూ ఇంతే. పైగా పొగమంచులో ఒడ్డు ఏ వైపుందో తెలియదు. ఫోన్‌లో కనిపించే టెంపరేచర్ గాలిదే. నీటి టెంపరేచర్ వేరేగా చూసుకోవాలి. వేడి రోజున నీటి మీద తెల్లటి గోడ కనిపించిందంటే, కింద నీరు చల్లబడిందని అదే చెబుతోంది.

ఈ వేడి రోజులు పెరుగుతున్నాయా అని అడిగేవాళ్లుంటారు. ఒక్క వేడి వారాన్ని చూపించి వాతావరణం మారిపోయిందని అనలేం. కానీ సరస్సు లోతు నీటి లెక్కలు వేరే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ పరిశోధకులు మిషిగన్ సరస్సు దక్షిణ భాగంలో దాదాపు ముప్పై ఏళ్లు నీటి లోతుల్లో వేడిని కొలిచి, 2021లో ఆ ఫలితాలు బయటపెట్టారు. అడుగునీరు మెల్లగా వేడెక్కుతోందని, సరస్సులో చలికాలం కుదించుకుపోతోందని అందులో తేలింది.

దక్షిణపు గాలి ఎన్నాళ్లో ఉండదు. వాయవ్యం నుంచి చల్లగాలి వచ్చి ఒక్క పూటలో వేడినీ పొగమంచునూ తుడిచేస్తుంది. ఆ తర్వాత బాగా చలి పడిన తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్తే సరస్సు మీద మళ్లీ తెల్లగా లేస్తుంటుంది. ఈసారి గోడలా కాదు, దమ్ బిర్యానీ డేగిశా మూత తీసినట్టు, పాయలు పాయలుగా ఆవిరి. ఇంకా వేడి పోని నీటి మీద చల్లగాలి పడుతోంది మరి. ఆ రోజు అమ్మీ వీడియో కాల్‌లో స్వెట్టర్ మాట ఎత్తితే కొడుకు దగ్గర జవాబు ఉండదు.