నలుపు పసుపు చారల సువార్త

కచేరీ ముగిశాక గాయకుడు ప్రేక్షకుల మీదికి ఏం విసురుతాడు? పూలు విసురుతాడు, లేదా చెమట తుడుచుకున్న తువాలు విసురుతాడు. 1980లలో అమెరికాలో ఒక హెవీ మెటల్ బృందం మాత్రం కొత్త నిబంధన గ్రంథాలు విసిరేది. ఆ బృందం పేరు స్ట్రైపర్. పొడవాటి జుట్టు, ముఖానికి రంగులు, ఒంటికి అతుక్కున్న దుస్తులు, వాటినిండా నలుపు పసుపు చారలు. వేషమంతా లోకానిదే, పాటల్లో మాత్రం యేసు నామం!

ఆ చారల వెనుక ఒక వచనం ఉంది. మెస్సీయ పొందిన దెబ్బలవల్ల మనకు స్వస్థత కలిగిందని చెప్పే యెషయా 53:5 విశ్వాసులందరికీ కంఠతా వచ్చినదే. కొరడా దెబ్బకు ఒంటిమీద తేలే చారను చెప్పే మాటను పాత ఇంగ్లిషు బైబిలు అక్కడ వాడింది. బృందం పేరు ఆ మాటలోంచే పుట్టింది.

రాబర్ట్ స్వీట్, మైకేల్ స్వీట్ కాలిఫోర్నియాకు చెందిన అన్నదమ్ములు. అన్న డ్రమ్స్ వాయిస్తే తమ్ముడు పాడేవాడు. గిటారిస్టు ఆజ్ ఫాక్స్‌తో కలిసి మొదట రాక్స్ రెజీమ్ అనే పేరుతో క్లబ్బుల్లో వాయించారు. 1983లో ఇకపై ప్రభువు కోసమే పాడాలని తీర్మానించుకుని పేరు మార్చుకున్నారు. వారికి పెద్దపేరు తెచ్చిన ఆల్బమ్ 1986 అక్టోబర్‌లో విడుదలైన ‘టు హెల్ విత్ ద డెవిల్’.

పేరు వినగానే ఉలిక్కిపడే మాట నిజమే. కానీ దాని అర్థం సాతానుతో కలిసి నరకానికి పోదామని కాదు, సాతానే నరకానికి పోవాలని! అప్పట్లో కొన్ని మెటల్ బృందాలు సాతాను గుర్తులను ఫ్యాషన్‌గా వాడుకునేవి. వారికి వారి భాషలోనే చెప్పిన జవాబు ఇది. అయితే ఆ మాట వినే ఓపిక ఎందరికుంటుంది? పైగా అట్టమీద నలుగురు దేవదూతలు సాతానును అగ్నిగుండంలోకి తోస్తున్న బొమ్మ వేశారు. ఆ దూతలకేమో పొడవాటి జుట్టు, అచ్చం ఈ నలుగురి పోలికలు! అభ్యంతరాలు రావడంతో అట్ట మార్చి, నల్లరంగు మీద పేరు మాత్రం ఉంచారు.

తయారీలోనూ చిక్కులే. బేస్ గిటారిస్టు టిమ్ గేన్స్ మధ్యలో బృందానికి దూరమయ్యాడు. రికార్డింగులో ఆ పని బ్రాడ్ కాబ్ చేశాడు. తర్వాత గేన్స్ తిరిగొచ్చి బృందంలో కలిశాడు.

ఇంత గొడవ మధ్య వచ్చిన ఆ ఆల్బమ్ అమెరికాలో 10 లక్షల అమ్మకాలు దాటి ప్లాటినం అందుకుంది. ఎంటీవీలో ప్రేక్షకులు దాని పాటలను పదేపదే కోరారు. ‘ఆనెస్ట్‌లీ’ అనే నెమ్మదైన పాట బిల్‌బోర్డ్ పట్టికలో 23వ స్థానానికి చేరింది. గుడి గడప తొక్కని కుర్రాళ్ల గదుల్లోకి యేసు నామం ఆ క్యాసెట్లతో వెళ్లింది.

దెబ్బ మాత్రం సొంత ఇంటినుంచే తగిలింది. 1975లో స్వీట్ సోదరులు మారుమనస్సు పొందింది టీవీలో జిమ్మీ స్వాగర్ట్ ప్రసంగం చూసే. ఆ స్వాగర్టే వారి సంగీతాన్ని తీవ్రంగా ఖండించాడు. కచేరీల్లో గ్రంథాలు విసరడమంటే పందుల ముందు ముత్యాలు పారబోయడమేనన్నాడు. తమను ప్రభువు దగ్గరికి నడిపించిన మనిషి నోట ఆ మాట వినడం ఎంత కష్టం! అయినా ఒక్క సంగతి అడగాలనిపిస్తుంది. ముత్యాల సంగతి సరే, ఆ కుర్రాళ్లను పందులని నిర్ణయించిందెవరు? వారిలో ఎందరు ఆ పుస్తకం తెరిచారో లెక్క ప్రభువుకే తెలుసు.

అలాగని పెద్దల భయాన్ని కొట్టిపారేయలేం. లోకం దగ్గరికి వెళ్లినవాడు లోకంలో కలిసిపోవచ్చు. 1990లో వచ్చిన ‘అగైన్‌స్ట్ ద లా’ ఆల్బమ్‌లో చారలూ లేవు, సూటిగా చెప్పే సువార్తా లేదు. తాగుడుకు లోనైన ఆ రోజుల గురించి మైకేల్ తర్వాత దాచకుండా చెప్పుకున్నాడు. 1992లో అతను బృందాన్ని వదిలాడు, కొంతకాలానికి బృందమే ఆగిపోయింది.

2003లో వారు మళ్లీ కలిశారు, చారలూ తిరిగొచ్చాయి. 2018లో ‘గాడ్ డ్యామ్ ఈవిల్’ అనే ఆల్బమ్ తెచ్చారు. చెడును నాశనం చేయమని దేవుణ్ని వేడుకోవడం దాని భావం. పైకి వింటే మాత్రం అది ఇంగ్లిషులో తిట్టులా ఉంటుంది. వాల్‌మార్ట్ దుకాణాలు దాన్ని అమ్మబోమన్నాయి. ముప్పై రెండేళ్ల తర్వాత కూడా అదే సంజాయిషీ, పేరుకు అర్థం అది కాదండీ అని!